ఊళ్లో ఇల్లు కడుతున్నాం, 4జీ సిమ్ మీద టైమ్‌లాప్స్ తీయడం ఎలా?

గోదారిగట్టు · జూన్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా ఊళ్లో పాత పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో కొత్త ఇల్లు కడుతున్నాం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. నాన్న ఒక్కరే అక్కడ దగ్గరుండి చూసుకుంటున్నారు. పునాది నుంచి గృహప్రవేశం దాకా మొత్తం ఒక టైమ్‌లాప్స్‌గా, అంటే నెలల పని నిమిషాల్లో కనపడే వీడియోగా చేయాలని నా కోరిక. ఎదురింటి డాబా పిట్టగోడ మీద 4 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరా బిగించాను. నెట్ అంటే 4జీ సిమ్ వేసిన రౌటర్ ఒక్కటే.

కెమెరా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో స్ట్రీమ్ ఓపెన్ చేసి, ఇక్కడ నా కంప్యూటర్‌లో 24 గంటలూ రికార్డు చేసి, తర్వాత స్పీడు పెంచుదామనుకున్నాను. పది నిమిషాలకోసారి తెగిపోతోంది. వచ్చిన ముక్కల్లో కూడా కింద సగం బూడిద రంగు అలికేసినట్టు ఉంటోంది. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ పగలు 0.6 ఎంబీపీఎస్, అర్ధరాత్రి దాటాక 2 దాకా వస్తోంది. రోజుకు 2 జీబీ ప్యాక్, పనివాళ్లు వచ్చేలోపే అయిపోతోంది! గురువారం పునాది తవ్వకం మొదలు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

కొత్తగావచ్చా · జూన్ 9, రాత్రి 11:05

సబ్ స్ట్రీమ్ (కెమెరా ఇచ్చే చిన్న సైజు వీడియో) పెట్టుకోండి బ్రదర్. 640×480 వస్తుంది, తెగదు. నేను అలాగే చూస్తాను.

సర్వర్‌రూమ్ · జూన్ 9, రాత్రి 11:52

సబ్ స్ట్రీమ్ దొంగలు వచ్చారో లేదో చూసుకోవడానికి బాగుంటుంది. గృహప్రవేశం రోజు చుట్టాలందరి ముందు టీవీలో వేస్తే మాత్రం మేస్త్రీ ఎవరో, ఇటుకల గుట్ట ఎవరో తెలియదు.

గోదారిగట్టు గారూ, ముందు లెక్క చూడండి. మీ కెమెరా మెయిన్ స్ట్రీమ్ (పూర్తి సైజు వీడియో) 4 ఎంబీపీఎస్ అనుకుందాం. 24 గంటలకు 43 జీబీ. అందులో మీరు చివరికి వాడుకునేది రోజుకు ఓ వంద ఫ్రేమ్‌లు. ఆ వంద కోసం 43 జీబీని 0.6 ఎంబీపీఎస్ సందులోంచి లాగడమంటే ఉగ్గుగిన్నెతో చెరువు తోడడమే.

బూడిద రంగు ఎందుకంటే, వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. రెండు సెకన్లకో, నాలుగు సెకన్లకో ఒక పూర్తి ఫ్రేమ్ వస్తుంది, మధ్యలోవన్నీ "ముందు ఫ్రేమ్‌కీ దీనికీ తేడా ఇంత" అని చెప్పేవే. దారిలో కొన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతే ఆ తేడాలు అతకవు. తర్వాతి పూర్తి ఫ్రేమ్ వచ్చేదాకా ఆ మరక అలాగే ఉంటుంది.

కాబట్టి స్ట్రీమ్ జోలికే పోకండి. 5 నిమిషాలకు ఒక జేపెగ్ ఫొటో తీయండి. 4 మెగాపిక్సెల్ ఫొటో సుమారు 800 కేబీ, మీ 0.6 స్పీడులో 11 సెకన్లలో వెళ్లిపోతుంది, మిగతా నాలుగున్నర నిమిషాలు లైను ఖాళీ. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా 144 ఫొటోలు, 115 ఎంబీ. మీ 2 జీబీ ప్యాక్‌లో ఇది పదహారో వంతు కూడా లేదు.

1991లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో పాత్రలో కాఫీ ఉందో లేదో కూర్చున్న చోటు నుంచే చూడ్డానికి కెమెరా పెట్టుకున్నారు. 128×128 పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మ, నిమిషానికి మూడుసార్లు మారేది. మెట్లు ఎక్కి దిగకుండా కాఫీ సంగతి తెలియడానికి అది చాలింది. మీ ఇల్లు అంతకంటే నెమ్మదిగానే లేస్తుంది లెండి.

మెల్‌బోర్న్_మామయ్య · జూన్ 10, ఉదయం 5:20

బాబూ, రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టుకో, బయటి నుంచి నేరుగా కెమెరా దాకా దారి ఉంటుంది. ఇక్కడ మా ఇంటి కెమెరాకి నేను అదే చేశాను. హైదరాబాద్ నుంచే నీ కంప్యూటర్ ఐదు నిమిషాలకోసారి ఫొటో లాగేసుకుంటుంది.

సర్వర్‌రూమ్ · జూన్ 10, ఉదయం 8:15

మామయ్య గారూ, మీకు ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ అడ్రస్) ఉండి ఉంటుంది. మన దగ్గర మొబైల్ సిమ్‌లకు అలా ఇవ్వరు, వేలమందిని ఒకే ఐపీ వెనక కూర్చోబెడతారు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి సిమ్ కంపెనీ ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే అదే సంగతి. బయటి నుంచి తలుపు తట్టినా లోపలికి వినపడదు. అందుకే ఫొటో అక్కడి నుంచి బయలుదేరి రావాలి, మనం వెళ్లి తెచ్చుకోవడం కుదరదు.

కేబుల్_మేస్త్రి · జూన్ 10, మధ్యాహ్నం 1:30

కరీంనగర్‌లో సీసీ కెమెరాలు బిగించే పని నాది, పదకొండేళ్ల నుంచి. అన్నా, చేసి చూసింది చెప్తున్నా.

నెమ్మది ఎక్కడుంది? గేటు దాటినాకనే. కెమెరాకీ రౌటర్‌కీ మధ్య వైరు మీద 100 ఎంబీపీఎస్ ఉంటది, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి సైట్‌లోనే ఒక రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు పెట్టు, అరచేతిలో పట్టే కంప్యూటర్ అది. అది కెమెరా నుంచి ఫొటో తీసుకుని ముందు తన దగ్గర పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలె. ఆ తర్వాత నెట్ ఉన్నప్పుడు పంపాలె. నెట్ లేకుంటే ఊకుండాలె. అంతే.

ఫొటో తీసుకునేటప్పుడు ఒక మెలిక ఉంది. చాలా కెమెరాల్లో స్నాప్‌షాట్ లింకు (తెరిస్తే ఒక ఫొటో ఇచ్చే అడ్రస్) సబ్ స్ట్రీమ్ సైజు బొమ్మనే ఇస్తది. మొదటి ఫొటో రాగానే సైజు చూసుకో. చిన్నగ ఉంటే ఆ లింకు వదిలెయ్యి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌తో మెయిన్ స్ట్రీమ్ నుంచి (దాని అడ్రస్ ఆర్‌టీఎస్‌పీ అని మొదలైతది) ఒక్క ఫ్రేమ్ తీసుకో. ట్రాన్స్‌పోర్ట్ టీసీపీ అని కచ్చితంగా పెట్టు, పోయిన ప్యాకెట్‌ను అది మళ్లీ తెప్పిస్తది. యూడీపీ తెప్పించదు, పెడితే మళ్లీ బూడిదే. మా కస్టమర్ ఒకాయన మూడు నెలలు 704×576 సైజు ఫొటోలు కూడబెట్టిండు. చివరికి చూసుకుని నా మీద అరిసిండు, నేను బిగించింది కెమెరా ఒక్కటే అయినా.

కొత్తగావచ్చా · జూన్ 10, మధ్యాహ్నం 2:10

బోర్డు ఎందుకు, ఇంట్లో పాత ఫోన్ ఉంటే అదే పెట్టేయొచ్చు కదా? కెమెరా, సిమ్, మెమరీ అన్నీ అందులోనే ఉంటాయి.

రొయ్యలచెరువు · జూన్ 10, సాయంత్రం 6:45

నేను పెట్టాను తమ్ముడూ. భీమవరం దగ్గర మా చెరువు గట్టు మీద రేకు పెట్టెలో పాత ఫోన్ ఛార్జింగ్‌లో ఉంచి వదిలేశాను. మే నెల ఎండకి బ్యాటరీ అప్పడంలా ఉబ్బి స్క్రీన్ పైకి లేచింది. మంటలు రాకపోవడం మా అదృష్టం. ఏసీ గదిలో కిటికీ దగ్గరైతే సరే, బయట మాత్రం వద్దు.

గోదారిగట్టు గారికి నా అనుభవం. కెమెరాలో రాత్రి వెలిగే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు ఆపేయండి. ఆ వెలుతురుకి పురుగులు, పురుగుల కోసం సాలీడు. తెల్లారేసరికి లెన్స్‌కి అడ్డంగా గూడు. రాత్రి పని జరగదు కాబట్టి మీకు ఐఆర్‌తో అవసరమే లేదు. రెండోది, కరెంటు. రౌటర్‌కీ బోర్డుకీ చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మెమరీ కార్డు పాడయ్యే అవకాశం ఉంటుంది. మాకు ఏరియేటర్ల జనరేటర్ ఉంది కాబట్టి బతికిపోయాం.

భద్రాద్రి_వాసి · జూన్ 10, రాత్రి 9:30

కేబుల్_మేస్త్రి అన్న "ముందు దాచుకో, తర్వాత పంపు" అన్న మాట దగ్గర ఆగండి. అది తెలియక నేను పోగొట్టుకున్నాను.

2022 జులైలో గోదావరి పెరుగుతున్నప్పుడు మా చుట్టాల డాబా మీది కెమెరా నుంచి హైదరాబాద్‌లో నా కంప్యూటర్‌లోకి నిమిషానికో ఫొటో వచ్చేలా పెట్టాను. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. మూడూ దాటడం నా దగ్గర ఫొటోల్లో ఉంది. ఆ తర్వాత కరెంటు పోయింది, టవర్ పోయింది. నీళ్లు 71.3 అడుగులకు వెళ్లింది జులై 16న. ఆ రోజుది నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. అక్కడ బ్యాటరీ మీద నడిచే చిన్న బోర్డు, ఒక కార్డు ఉండి ఉంటే వరద తగ్గాక వెళ్లి తెచ్చుకునేవాణ్ణి.

మీరు కెమెరాలో కూడా ఒక మెమరీ కార్డు వేయండి. రెండు చోట్ల ఉండనివ్వండి.

మెల్‌బోర్న్_మామయ్య · జూన్ 11, ఉదయం 5:05

ఇది నిజం. జేమ్స్ బాలోగ్ అనే ఫొటోగ్రాఫర్ బృందం 2007లో గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, అలాస్కాలలో హిమానీనదాల ముందు కెమెరాలు బిగించింది. నెలల తర్వాత మళ్లీ వెళ్లి కార్డులు చేత్తో తెచ్చుకునేవారు. మొదట్లో టైమర్లు మొరాయించి చాలా ఇబ్బంది పడ్డారు కూడా. పోర్ట్ ఫార్వార్డింగ్ సంగతి నాకు తెలియదు, సర్వర్‌రూమ్ గారికి థ్యాంక్స్.

గోదారిగట్టు · జూన్ 13, రాత్రి 9:15

అందరికీ థ్యాంక్స్. పాత రాస్‌ప్‌బెర్రీ పై ఒకటి స్నేహితుడి దగ్గర దొరికింది. బుధవారం రాత్రి బస్సెక్కి వెళ్లి పెట్టి వచ్చాను. 5 నిమిషాలకో ఫొటో, పెన్‌డ్రైవ్‌లోకి. రాత్రి 1 నుంచి 5 మధ్య ఆర్‌సింక్‌ అనే ఫైల్ కాపీ ప్రోగ్రామ్‌తో నా సర్వర్‌కి. పునాది తవ్వకం మొదటి పార నుంచీ దొరికింది.

ఒక చిన్న సమస్య. పగలు కూడా పంపి చూస్తే కొన్ని ఫొటోలు ఇక్కడికి సగమే వస్తున్నాయి.

సర్వర్‌రూమ్ · జూన్ 13, రాత్రి 10:30

బోర్డు ఇంకా రాస్తున్న ఫైలునే ఆర్‌సింక్ పట్టుకుంటోంది. ఫొటోను ముందు వేరే పేరుతో రాయించి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చండి. మార్చిన పేర్లే పంపేలా పెట్టండి. పార్షియల్ ఆప్షన్ వేస్తే మధ్యలో తెగిన ఫైలు మొదటికి రాదు. కంప్రెస్ ఆప్షన్ తీసేయండి, జేపెగ్ ఇప్పటికే నలిగి ఉన్నది, మళ్లీ నలిపితే బోర్డు వేడెక్కడం తప్ప తగ్గేదేం లేదు. పగలు కూడా పంపాలనుకుంటే బ్యాండ్‌విడ్త్ లిమిట్ పెట్టండి, లేకపోతే నాన్నగారికి వాట్సాప్ కాల్ కలవదు.

ఫ్రేమ్‌బైఫ్రేమ్ · జూన్ 14, ఉదయం 11:20

విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నాకు నెట్‌వర్క్ గొడవ తెలియదు కానీ ఒక మాట. రోజు చివర బోర్డు మీదే 144 ఫొటోలను చిన్న వీడియోగా చేసి అదొక్కటే పంపిస్తే? ఆరు సెకన్ల క్లిప్, 115 ఎంబీ బదులు కొన్ని ఎంబీలతో పోతుంది.

కేబుల్_మేస్త్రి · జూన్ 14, మధ్యాహ్నం 12:05

అట్ల చేసి ఫొటోలు చెరిపేస్తే తర్వాత ఏడుస్తరు. వీడియో చేసినాక దాంట్లోంచి మంచి ఫొటో మళ్లీ రాదు.

ఫ్రేమ్‌బైఫ్రేమ్ · జూన్ 14, మధ్యాహ్నం 12:40

చెరపమని నేనెక్కడన్నాను? ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. క్లిప్ రోజూ చూసుకోవడానికి, కెమెరా పక్కకి తిరిగిందా, లెన్స్ మీద మట్టి పడిందా తెలుసుకోవడానికి. ఒరిజినల్స్ పండక్కి వెళ్లినప్పుడు జేబులో వేసుకుని తెచ్చుకోవచ్చు.

సర్వర్‌రూమ్ · జూన్ 14, మధ్యాహ్నం 1:15

ఈయన చెప్పింది బాగుంది. తొమ్మిది నెలలకు 270 రోజులు, 38,880 ఫొటోలు, సుమారు 31 జీబీ. పది గంటల బస్సు ప్రయాణంలో 31 జీబీ తెస్తే అది దాదాపు 7 ఎంబీపీఎస్ స్పీడు. మీ ఊరి పగటి అప్‌లోడ్‌కి పది రెట్లకు పైనే, అదీ రావులపాలెంలో టీకి ఆగి.

గోదారిగట్టు · జులై 2, రాత్రి 8:50

కొత్త తలనొప్పి. ఇది టెక్నికల్ కాదు. మేస్త్రీ నాన్నతో "మా మీద నిఘా పెట్టారా అయ్యగారూ" అని అడిగాడట. ఇద్దరు కూలీలు రెండు రోజులు రాలేదు. కెమెరా మూలలో పక్కింటి వాళ్ల బోరింగ్ కూడా పడుతోంది, ఆడవాళ్లు అక్కడ నీళ్లు పట్టుకుంటారు. ఇది నాకు ముందే తట్టాల్సింది.

రొయ్యలచెరువు · జులై 2, రాత్రి 9:40

బోరింగ్ ఉన్న మూలని కెమెరా సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్‌తో నల్లగా మూసేయండి. ఈ రాత్రికే చేయండి, అడిగేదాకా ఆగొద్దు. కుదిరితే కెమెరా కొంచెం పక్కకి తిప్పండి. ఇక మేస్త్రీ గారికి ఇప్పటిదాకా వచ్చిన క్లిప్‌లు ఫోన్‌లో చూపించమని నాన్నగారికి చెప్పండి. తన పని చకచకా లేవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

గోదారిగట్టు · జులై 5, రాత్రి 9:00

మాస్క్ వేశాను, కెమెరా కూడా తిప్పించాను. మేస్త్రీ ఇప్పుడు రోజూ సాయంత్రం "ఇవాళ్టి సినిమా వచ్చిందా" అని నాన్నని అడుగుతున్నాడు. కూలీలు కూడా వచ్చేశారు.

గోదారిగట్టు · ఆగస్టు 21, రాత్రి 11:10

ఒక రోజు పోయింది. ద్వారబంధం నిలబెట్టిన రోజు.

గాలివానకి సాయంత్రం 5కి కరెంటు పోయింది. యూపీఎస్ కొన్ని గంటలే ఆగింది. మర్నాడంతా లేదు. ఆ మర్నాడు ఉదయం 6కి వచ్చింది, 9:20కి ముహూర్తం. బోర్డు లేచింది, కెమెరా లేచింది, నెట్ మాత్రం రాలేదు. నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌లో పడతాయి కదా అని ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే ఆ పగలు 12 ఫొటోలే, అవీ ఉదయం 7 లోపువే. రాత్రి 7 నుంచి మర్నాడు ఉదయం 7 దాకా మాత్రం 144 ఫొటోలు, దాదాపు అన్నీ కారు చీకటి. ఇదేం వింత?

సర్వర్‌రూమ్ · ఆగస్టు 21, రాత్రి 11:45

వింతేం లేదు. ఆ బోర్డులో బ్యాటరీ గడియారం ఉండదు. ఆరిపోయే ముందు టైమ్ ఎంతో గుర్తుపెట్టుకుని లేవగానే అక్కడి నుంచి మొదలెడుతుంది. అసలు టైమ్ నెట్ వచ్చాకే సరిచేసుకుంటుంది. మీది ఉదయం 6కి లేచి సాయంత్రం 5 అనుకుంది. గంటసేపు ఫొటోలు తీసి, "6 అయింది" అని పడుకుంది. పన్నెండు గంటలు నిద్రపోయి, రాత్రి 7కి లేచి తెల్లారిందనుకుని పనిలోకి దిగింది. 12 ఫొటోల లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి.

డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ దొరుకుతుంది, నాణెం బ్యాటరీతో. అది తగిలించండి. రాస్‌ప్‌బెర్రీ పై 5 మోడల్‌లో గడియారం బోర్డులోనే ఉంటుంది, దానికీ బ్యాటరీ విడిగా కొనాలి.

యూపీఎస్ కొన్ని గంటలు ఆగిందన్నారు కాబట్టి అప్పుడు టైమ్ ఎక్కడ ఆగిందో కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చు. బహుశా బోర్డు యూపీఎస్ మీద లేదేమో, చూడండి.

గోదారిగట్టు · ఆగస్టు 22, ఉదయం 7:30

అవును. యూపీఎస్‌కి రౌటర్ ఒక్కటే తగిలించి ఉందని నాన్న చెప్పారు. నేనే బోర్డు వైరు మామూలు ప్లగ్‌లో పెట్టి వచ్చాను.

భద్రాద్రి_వాసి · ఆగస్టు 22, ఉదయం 8:00

కెమెరాలో కార్డు వేశారా?

గోదారిగట్టు · ఆగస్టు 22, ఉదయం 8:20

వేశాను అన్నా, 64 జీబీ. కానీ నేను చూసుకునేసరికి నాలుగు రోజులైంది. దాని మీద కొత్త వీడియో పడిపోయింది.

కేబుల్_మేస్త్రి · ఆగస్టు 22, ఉదయం 10:15

4 ఎంబీపీఎస్‌లో 64 జీబీ కార్డు ఒకటిన్నర రోజే ఆగుతది అన్నా. రికార్డింగ్ 1 ఎంబీపీఎస్‌కి దించు, ఆరు రోజుల దాకా వస్తది. కార్డు ఉన్నది ఆపద కోసమే కదా, కొంచెం మసకగ ఉన్నా నడుస్తది. ఫొటో స్నాప్‌షాట్ లింకు నుంచి వస్తుంటే దానికేం కాదు. స్ట్రీమ్ నుంచే తీస్తుంటే మాత్రం బిట్‌రేట్ దించకు, పెద్ద కార్డు వెయ్యి.

గోదారిగట్టు · అక్టోబర్ 18, రాత్రి 10:00

స్లాబ్ పడింది! ఆ ఒక్కరోజు 10 సెకన్లకో ఫొటో పెట్టాను. ఉదయం 6 నుంచి 4 దాకా 3,600 ఫొటోలు, 2.9 జీబీ. రాత్రి 2 ఎంబీపీఎస్‌లో మూడు గంటల చిల్లరలో మొత్తం వచ్చేశాయి. ఆ రాత్రి కోసం ఒక డేటా బూస్టర్ వేయించాను. 25 ఫ్రేమ్‌ల లెక్కన 2 నిమిషాల 24 సెకన్లు. కాంక్రీటు తట్టలు చేతులు మారుతుంటే చీమల బారులా ఉంది.

గోదారిగట్టు · జనవరి 17, రాత్రి 9:30

పండక్కి వెళ్లి పెన్‌డ్రైవ్ తెచ్చాను. ప్లాస్టరింగ్ నడుస్తోంది. ఇప్పటిదాకా ఉన్నవి కలిపి చూస్తే వీడియో తెల్లగా నల్లగా మిణుకుమిణుకుమంటోంది. ఫ్రేమ్‌బైఫ్రేమ్ గారూ, ఎడిటింగ్ మీ వంతు. అరగంటకో ఫొటో చొప్పున ఏరి మీకు పంపాను.

ఫ్రేమ్‌బైఫ్రేమ్ · జనవరి 19, సాయంత్రం 4:00

చూశాను. మబ్బు వచ్చినప్పుడల్లా కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు) తనే మార్చుకుంటోంది, దాంతోపాటు వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా. వైట్ బ్యాలెన్స్ అయినా ఫిక్స్ చేసి ఉండాల్సింది, మిగిలిన రెండు నెలలకైనా చేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మిణుకు తగ్గించే డీఫ్లికర్ ఫిల్టర్ వేస్తే చాలావరకు సర్దుకుంది. ఇంకా మెత్తగా కావాలంటే పక్కపక్క ఫ్రేమ్‌ల మీడియన్ (మధ్య విలువ) తీసే ఫిల్టర్ వేస్తాను. ఒక్క ఫ్రేమ్‌లో మెరిసి మాయమయ్యే మనుషులు, బండ్లు అన్నీ పోతాయి. ఇల్లు ఒక్కటే శుభ్రంగా లేస్తుంది.

ఒకటి అడగాలి. ప్రతిరోజూ ఉదయం 7 గంటల ఫ్రేమ్‌లో ఒక పెద్దాయన పైపు పట్టుకుని గోడలకు నీళ్లు కొడుతూ కనపడుతున్నారు. వాన రోజు గొడుగుతో నిలబడి ఉన్నారు. ఫిల్టర్ వేస్తే ఆయన కూడా పోతారు. వేసేయనా?

గోదారిగట్టు · జనవరి 19, సాయంత్రం 4:10

వద్దండి. మిణుకుమన్నా పరవాలేదు.

ఫ్రేమ్‌బైఫ్రేమ్ · జనవరి 19, సాయంత్రం 4:25

సరే. డీఫ్లికర్ ఒక్కటే ఉంచుతాను. 7 గంటల ఫ్రేమ్‌ని మూడేసి సార్లు వేస్తాను, కనపడేంతసేపు కనపడతారు.